బోల్టు పట్టినంత మాత్రాన వీల్ ఫిట్ అయినట్టు కాదు

సంపాదకులు గారికి నమస్కారం,

మీ పేపర్లో కార్ల పేజీ వచ్చిన రోజు నేను ముందు అదే తీస్తాను, అందులో అల్లాయ్ వీల్స్ గురించి ఉంటే ఇంకేమీ చూడకుండా అది చదివేస్తాను. కానీ ఎప్పుడు చూసినా సైజు ఎన్ని ఇంచులు, డిజైన్ ఎలా ఉంది, నలుపు బాగుంటుందా సిల్వర్ బాగుంటుందా, ఇవే ఉంటున్నాయి. ఆ వీల్ ఆ కారుకి నిజంగా సరిపోతుందా లేదా తేల్చే నంబరు ఇంకోటి ఉంది సార్, ఆఫ్‌సెట్ అంటారు, దాని ఊసే రావట్లేదు. కొనేవాళ్ళు అడగట్లేదు, చాలాచోట్ల అమ్మేవాళ్ళూ చెప్పట్లేదు. బోల్టులు పట్టాయా, చక్రం తిరిగిందా, అయిపోయింది అనుకుంటున్నారు. బోల్టు పట్టడం వేరు, ఫిట్ అవడం వేరు. ఈ తేడా నలుగురికీ తెలియాలనే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదే అయింది, వీలైతే మొత్తం వేయండి.

ముందు ఆఫ్‌సెట్ అంటే ఏంటో చెప్తాను, కష్టమేం కాదు. వీల్ వెడల్పుకి సరిగ్గా సగం దగ్గర ఒక గీత గీసినట్టు అనుకోండి. వీల్ వెనకవైపు బోల్టు రంధ్రాలు ఉన్న చదునైన ముఖం ఒకటి ఉంటుంది, అదే కారు హబ్‌కి, అంటే చక్రాన్ని బిగించే భాగానికి, ఆనుకునేది. ఆ ముఖం ఆ మధ్య గీత నుంచి ఎన్ని ఎంఎం దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ముఖం గీతకంటే బయటివైపు, అంటే మనం నిలబడి చూసే వైపు ఉంటే పాజిటివ్, సరిగ్గా గీత మీదే ఉంటే జీరో, లోపల బ్రేకు వైపు ఉంటే నెగెటివ్. ఆఫ్‌సెట్‌ని ఈటీ అని రాస్తారు, వీల్ మీద ఈటీ45, ఈటీ38 అని పోత పోసి ఉంటుంది, ఎక్కువగా స్పోకు వెనకాలో ఆ చదును ముఖం మీదో కనిపిస్తుంది. ఇక్కడ అందరూ తికమక పడే చోటు ఒకటుంది. నంబరు పెరిగితే వీల్ బయటికి వస్తుందనుకుంటారు, కాదు, లోపలికి పోతుంది. నంబరు తగ్గితేనే బయటికి వస్తుంది. ఇప్పుడొచ్చే మామూలు కార్లకి చాలావరకు 35 నుంచి 50 మధ్య ఉంటుంది, బయటికి గిన్నెలాగా లోతు కనిపించే వీల్స్ ఉంటాయి చూడండి, వాటికి ఇంకా తక్కువ ఉంటుంది, ఒక్కోసారి నెగెటివ్‌లోకి కూడా పోతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే లెక్క చూస్తేనే విషయం బుర్రకెక్కుతుంది. కంపెనీ ఇచ్చిన వీల్ 6 ఇంచుల వెడల్పు, ఈటీ45 అనుకోండి. ఇంచుకి 25.4 ఎంఎం కాబట్టి 6 ఇంచులంటే 152.4, అందులో సగం 76.2. హబ్ ముఖం నుంచి లోపలివైపు అంచు ఎంత దూరం అంటే సగానికి ఆఫ్‌సెట్ కలపాలి, 76.2 కి 45 కలిపితే 121.2. బయటివైపు ఎంత అంటే సగంలోంచి ఆఫ్‌సెట్ తీసేయాలి, 31.2. ఇప్పుడు కొత్తగా నచ్చిన వీల్ 7 ఇంచులు, ఈటీ35 అనుకుందాం. 7 ఇంచులంటే 177.8, సగం 88.9, లోపలికి 123.9, బయటికి 53.9. అంటే లోపలికి పెరిగింది 2.7 ఎంఎం మాత్రమే, బయటికి మాత్రం 22.7 ఎంఎం వచ్చింది. ఒక్కో పక్క రెండు సెంటీమీటర్ల పైన పొడుచుకొచ్చింది అన్నమాట! అదే 7 ఇంచుల వీల్‌ని ఈటీ45 లోనే తీసుకుని ఉంటే లోపలికి 12.7, బయటికి 12.7 సమానంగా పెరిగేది, అప్పుడు మడ్‌గార్డ్‌తో గొడవ తగ్గేది కానీ లోపల షాక్ అబ్జార్బర్‌కి 12.7 ఎంఎం దగ్గరైపోయేది. సైజు ఒకటే, డిజైన్ ఒకటే, ఆఫ్‌సెట్ 10 మారితే కథ మొత్తం మారిపోయింది. ఈ లెక్క ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా ఒక నిమిషంలో వేసుకోవచ్చు, దీనికి మెకానిక్ అయ్యుండక్కర్లేదు.

ఇది రిమ్ము లెక్క మాత్రమే, టైరు లెక్క మళ్ళీ వేరే ఉంది. 185 టైరు తీసి 205 వేస్తే వెడల్పు 20 ఎంఎం పెరుగుతుంది, అంటే ఒక్కో వైపు ఇంకో 10 అటూ ఇటూ. పైగా టైరు మీద రాసే ఆ 205 అనేది ఫలానా వెడల్పు రిమ్ము మీద కొలిచింది, అంతకంటే వెడల్పు రిమ్ముకి ఎక్కిస్తే టైరు ఇంకాస్త వెడల్పవుతుంది, అర ఇంచుకి సుమారు 5 ఎంఎం చొప్పున. చాలా కార్లలో రిమ్ము అంచుకంటే టైరు బుగ్గే బయటికి ఉంటుంది కాబట్టి ముందు తగిలేది అదే.

తగలడం అంటే చాలామంది పెద్ద చప్పుడొస్తుందనుకుంటారు, అలా ఏం రాదు. ఇలాంటి బండి ఒకదాన్ని దగ్గర్నుంచి చూశాను, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి టార్చి వేసి వీల్ ఆర్చ్ లోపల చూస్తే నల్ల ప్లాస్టిక్ లైనర్ అంతా దుమ్ము పట్టి ఉంది, ఒక్క చోట మాత్రం రెండు వేళ్ళ వెడల్పున నున్నగా మెరుస్తోంది, చెయ్యి పెట్టి చూస్తే అద్దంలా ఉంది. టైరు రోజూ అక్కడ రాసుకుంటోంది, ఓనర్‌కి తెలీదు. టైరు భుజం మీద చూస్తే అదే ఎత్తులో చుట్టూ గీతలు. లైనర్‌కి తగిలితే పర్వాలేదనుకుందాం, అదే షాక్ అబ్జార్బర్ వైపు తగిలితే అక్కడుండేది ఇనుము, టైరు పక్కగోడని కోసుకుంటూ పోతుంది. టైర్లో పల్చగా ఉండేది ఆ పక్కగోడే. అక్కడ కోత పడితే ప్యాచ్ కూడా వేయరు, టైరు పారేయాల్సిందే, స్పీడులో ఉన్నప్పుడు తెగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకా కంటికి కనపడని నష్టం ఒకటుంది, నన్నడిగితే రాసుకోవడం కంటే ఇదే పెద్దది. ముందు చక్రం స్టీరింగ్‌తో తిరిగేటప్పుడు ఒక ఊహా ఇరుసు చుట్టూ తిరుగుతుంది, ఆ ఇరుసుని కిందికి పొడిగిస్తే నేల మీద ఎక్కడో ఒక చోట తగులుతుంది. ఆ చోటుకీ, టైరు నేలని పట్టుకునే భాగం మధ్యకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కారు తయారుచేసేవాళ్ళు దీన్ని చాలా చిన్నగా ఉండేలా లెక్కేసి పెడతారు, ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో జీరోకి దగ్గరగానో కొంచెం నెగెటివ్‌గానో ఉంచుతారు. ఎందుకంటే ఒక చక్రం తడి మీద, ఇంకోటి పొడి మీద ఉన్నప్పుడు గట్టిగా బ్రేక్ కొడితే పొడి మీదున్న చక్రం ఎక్కువ ఆగుతుంది, బండి ఆ వైపుకి లాగుతుంది, స్క్రబ్ నెగెటివ్‌గా ఉంటే చక్రాలే కాస్త ఎదురు తిరిగి బండిని నిటారుగా ఉంచడానికి సాయం చేస్తాయి. ఇప్పుడు ఆఫ్‌సెట్ 20 ఎంఎం తగ్గించాం అనుకోండి, నేలని పట్టుకునే మధ్య భాగం 20 ఎంఎం బయటికి జరిగింది, నెగెటివ్‌లో ఉన్నది పాజిటివ్‌లోకి వచ్చేసి ఉండొచ్చు. అప్పుడు అదే బ్రేకు, అదే తడి రోడ్డు, చక్రాలు మాత్రం లాగుడుకి ఎదురు తిరక్కుండా లాగుడు వైపే తిరుగుతాయి. గుంటలో పడితే స్టీరింగ్ చేతిలో కొట్టినట్టు అవడం, రోడ్డు మీద గాడి ఉంటే బండి గాడి వెంట పోవడం, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగడం, ఇవన్నీ దీని వల్ల కూడా వస్తాయి. జనం అలైన్‌మెంట్ మీద అలైన్‌మెంట్ చేయిస్తూ ఉంటారు, అలైన్‌మెంట్ మెషిన్ మీద నంబర్లన్నీ పచ్చగానే ఉంటాయి, బండి మాత్రం మారదు. మారదు కూడా, ఎందుకంటే తేడా ఉన్నది వీల్‌లో.

బేరింగ్ సంగతీ అంతే. బరువు బేరింగ్ దగ్గరే దిగేలా కంపెనీ పెడుతుంది, చక్రం బయటికి జరిగేకొద్దీ ఆ బరువు బేరింగ్‌ని వంచే ప్రయత్నం చేస్తుంది, మలుపుల్లో ఇంకా ఎక్కువ. వెంటనే పాడవదు, ముందుగా పాడవుతుంది. ఊ అని ఒక మోత మొదలవుతుంది, చాలామంది దాన్ని టైరు సౌండ్ అనుకుంటారు.

స్పేసర్ల గురించి తప్పకుండా చెప్పాలి. వీల్ లోపల తగులుతుంటే వీల్‌కీ హబ్‌కీ మధ్యలో స్పేసర్ అనే బిళ్ళ వేసేయండి అని సులువుగా చెప్పేస్తారు. స్పేసర్ ఎంత మందమో ఆఫ్‌సెట్ అంత తగ్గినట్టే, ఈటీ45 వీల్‌కి 10 ఎంఎం స్పేసర్ వేస్తే అది ఈటీ35 లాగా కూర్చుంటుంది, రెండు పక్కలా కలిపి చక్రాల మధ్య దూరం 20 ఎంఎం పెరుగుతుంది. స్పేసరే తప్పు అని నేను అనను, బాగా తయారైనవి ఉన్నాయి. కానీ స్పేసర్ మందం మేర నట్టుకి దొరికే మర తగ్గిపోతుంది. నట్టు కనీసం స్టడ్, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, మందమంత లోతుకి మరలో పట్టాలి అనేది పాత లెక్క. 12 ఎంఎం స్టడ్, మర 1.5 ఎంఎం పిచ్, అంటే ఒక చుట్టుకి నట్టు కదిలే దూరం, అయితే 8 చుట్లు, 1.25 పిచ్ అయితే 9 చుట్ల పైన. చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి, 4 చుట్లకే ఆగిపోతే ఆ బండి రోడ్డెక్కకూడదు. పొడుగు స్టడ్లు వేయాలి, లేకపోతే స్పేసర్ తీసేయాలి. ఒక స్పేసర్ చాలక ఒకదాని మీద ఒకటి రెండు వేసేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఆఫ్‌సెట్ ఒక్కటే సరిపోదు, పక్కనే ఇంకో రెండు మూడు ఉన్నాయి. పీసీడీ అంటే బోల్టు రంధ్రాల మధ్యల మీదుగా గీసిన వృత్తం వ్యాసం, 4×100, 5×112, 5×114.3 ఇలా ఉంటాయి, మొదటిది రంధ్రాల సంఖ్య, రెండోది వ్యాసం ఎంఎంలో. 5×112 వీల్‌ని 5×114.3 హబ్‌కి బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, ఎందుకంటే ఒక్కో బోల్టు దగ్గర తేడా 1.15 ఎంఎం మాత్రమే. స్టడ్ కొంచెం వంగి, నట్టు ఒక పక్కకి ఆని, బిగిసిపోయినట్టు అనిపిస్తుంది, తర్వాత వదులవుతుంది లేదా స్టడ్ విరుగుతుంది. అయిదు రంధ్రాల వీల్‌కి ఎదురెదురు రంధ్రాలు ఉండవు కదా ఎలా కొలవాలి అంటే పక్కపక్క రెండు రంధ్రాల మధ్యల దూరం కొలిచి 1.701 తో గుణించండి. 114.3 కి ఆ దూరం 67.2 వస్తుంది, 112 కి 65.8. అంటే స్కేలు పెట్టి కంటితో చూస్తే పొరపాటు పడేంత దగ్గర, అందుకే వీల్ మీద రాసిందే నమ్మాలి, పడుతుందిలే అన్న మాట కాదు.

సెంటర్ బోర్, మధ్యలో ఉండే పెద్ద రంధ్రం. బయట దొరికే వీల్స్‌కి ఇది పెద్దగా ఉంచుతారు, 73.1 లాంటిది, చాలా కార్లకి పట్టాలని. కారు హబ్ 54.1 ఉంటే మధ్యలో అంత ఖాళీ ఉంటుంది, వీల్ సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే 80, 100 స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేసినా పోదు. హబ్ రింగ్ అని చిన్న వలయం వేస్తే సరిపోతుంది, అది చాలా చిన్న వస్తువు, అడిగి మరీ వేయించుకోండి. నట్టు కూర్చునే గుంట ఆకారం కూడా చూడాలి. కొన్ని శంకువులా వాలుగా 60 డిగ్రీలు ఉంటాయి, కొన్ని బంతిలా గుండ్రంగా, కొన్ని చదునుగా వాషర్‌తో. పాత వీల్ నట్లు దాచుకుని కొత్త వీల్‌కి వేస్తే, ఆకారం కలవకపోతే నట్టు సన్నటి గీత మీదే ఆనుతుంది, అది నిలవదు.

బ్రేక్ క్యాలిపర్, అంటే బ్రేక్ డిస్కుని నొక్కి పట్టే భాగం, దాని సంగతి ఏ పట్టికలోనూ దొరకదు. రెండు వీల్స్‌కి ఆఫ్‌సెట్ ఒకటే ఉన్నా ఒకదాని స్పోకు లోపలికి బొద్దుగా ఉంటే క్యాలిపర్‌కి తగులుతుంది, ఇంకోదానికి తగలదు. కాబట్టి టైరు ఎక్కించకముందే ఉత్త వీల్‌ని బండికి పెట్టి చేత్తో తిప్పి చూడాలి. టైరు ఎక్కించాక వెనక్కి తీసుకోం అంటారు, అందుకే ఈ వరస ముఖ్యం. లోపల అతికించే బ్యాలెన్సింగ్ బరువులకి కూడా చోటు ఉందా చూసుకోవాలి, క్యాలిపర్ గీరితే అవి ఊడిపోతాయి.

మొత్తం ఎత్తు కూడా మారకూడదు. 185/65 ఆర్15 టైరుతో చక్రం వ్యాసం 621.5 ఎంఎం, 195/55 ఆర్16 తో 620.9, దాదాపు ఒకటే, 205/45 ఆర్17 తో 616.3, అదీ పర్వాలేదు. 3 శాతం లోపు ఉంచుకుంటే స్పీడోమీటర్ పెద్దగా తప్పు చూపించదు. లోడ్ రేటింగ్, అంటే వీల్ ఎంత బరువు మోయగలదో చెప్పే నంబరు, మాత్రం అందరూ వదిలేస్తారు. వీల్ వెనక కేజీల్లో రాసి ఉంటుంది, బండి పత్రాల్లో ఎక్కువ బరువు మోసే ఇరుసు బరువు చూసి దాన్ని సగం చేయండి, వీల్ మీది నంబరు దానికి తక్కువ ఉండకూడదు. జపాన్ ప్రమాణం జేడబ్ల్యూఎల్, దాంతో పాటు వీఐఏ అనే ముద్ర చాలా వీల్స్ మీద ఉంటుంది, అసలు ఏ ముద్రా ఏ నంబరూ లేని వీల్ ఎంత అందంగా ఉన్నా నేనైతే ముట్టను.

ఒకవేళ సెకండ్ హ్యాండ్ వీల్ మీద నంబర్లు చెరిగిపోయి ఉంటే ఆఫ్‌సెట్ ఇంట్లోనే కొలవచ్చు. వీల్‌ని ముఖం కిందికి పెట్టి, కింద ఒక గుడ్డ వేసి, వెనక అంచుల మీద అడ్డంగా తిన్నని కర్ర పెట్టండి. కర్ర కింది అంచు నుంచి హబ్ ముఖం దాకా లోతు కొలవండి, 140 ఎంఎం వచ్చిందనుకోండి. తర్వాత వీల్ మొత్తం వెడల్పు అంచు నుంచి అంచుకి కొలవండి, 7 ఇంచుల వీల్‌కి ఇది సుమారు 203 వస్తుంది, ఎందుకంటే ఆ 7 అనేది టైరు కూర్చునే చోటు కొలత, బయటి అంచులు కలిపితే ఇంకో ఇంచు ఉంటుంది. 203 లో సగం 101.5, 140 లోంచి తీసేస్తే 38.5. అది ఈటీ38 వీల్.

వేయించాక కూడా ఖాళీ బండితో చూసి వచ్చేయకండి. అన్ని సీట్లలో మనుషులు కూర్చుని, డిక్కీలో సామాను పెట్టి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి ముందుకీ వెనక్కీ నడపండి, స్పీడ్ బ్రేకర్ మీద ఒక చక్రం ఎక్కేలా ఏటవాలుగా పోనివ్వండి. నట్లు ఎదురెదురు వరసలో, టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచితో, కారు పుస్తకంలో ఉన్న అంకెకి బిగించమనండి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి రెంచి వేయించండి. ఎయిర్ గన్‌తో గట్టిగా బిగించడం భద్రత కాదు, స్టడ్ సాగిపోతుంది.

వీల్స్ మార్చుకోవద్దని నేను చెప్పట్లేదు, బాగా నప్పిన వీల్ పడితే కారు అందమే వేరు, నాకూ ఇష్టమే. కంపెనీ ఇచ్చిన ఆఫ్‌సెట్‌కి 5 ఎంఎం అటూ ఇటూ ఉంటే చాలా కార్లలో ఇబ్బంది ఉండదు, అంతకు మించి వెళ్తుంటే పైన చెప్పిన లెక్క వేసుకుని, లోపల ఖాళీ కొలుచుకుని అప్పుడు నిర్ణయం తీసుకోవాలి అంటున్నా. అమ్మేవాళ్ళని కూడా ఒకటే అడుగుతున్నా, ఫొటో కింద సైజుతో పాటు వెడల్పు, ఆఫ్‌సెట్, పీసీడీ, సెంటర్ బోర్, లోడ్ రేటింగ్ రాయండి, ఆ నంబర్లు ఎలాగూ వీల్ వెనకే ఉన్నాయి.

ఇక మీకు నా మనవి. వీల్స్ మీద ఏ ఐటెమ్ వేసినా ఈ అయిదు నంబర్లు ఒక చిన్న బాక్సులో వేయండి, ఆ కారుకి కంపెనీ ఇచ్చిన నంబర్లు పక్కనే పెట్టండి. రెండు లైన్ల చోటు చాలు. ఫొటో కొంచెం చిన్నదైనా పర్వాలేదు.

ఇట్లు,
మీ కార్ల పేజీ పాఠకుడు